చచ్చిన ఏనుగు వెయ్యి చేయనప్పుడు: ఎడారిలో పాత మోటార్‌హోమ్‌ను వదిలించుకోవడం ఎందుకంత కష్టం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు ఇరవై మైళ్ళ దూరంలో, క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. 2020 జనగణన ప్రకారం అక్కడి శాశ్వత నివాసుల సంఖ్య రెండున్నర వేలకు లోపే. అయితే చలికాలం వచ్చేసరికి ఉత్తరాది రాష్ట్రాల నుంచీ, కెనడా నుంచీ వచ్చే విశ్రాంత దంపతుల బళ్ళతో ఊరి చుట్టూ ఉన్న ఎడారి నిండిపోతుంది. వీళ్ళను అక్కడ స్నోబర్డ్స్ అంటారు, అంటే మంచుకాలపు వలస పక్షులు అన్నమాట. ఏప్రిల్ మధ్యలో ఎండలు ముదరగానే పక్షులు తిరిగి వెళ్ళిపోతాయి. అన్ని గూళ్ళూ మాత్రం వాటితో వెళ్ళవు. ఇంజన్ కదలనివి, టైర్లు పగిలినవి, యజమాని చనిపోయినవి ఇసుకలోనే మిగిలిపోతాయి.

ఈ మిగిలిపోయిన బళ్ళ సంగతి 2025లో మళ్ళీ చర్చకు వచ్చింది. వదిలేసిన, నడవని మోటార్‌హోమ్‌లను తుక్కు చేసే అధికారాన్ని లాస్ ఏంజెలెస్, అలమీడా కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) విస్తరిస్తూ కాలిఫోర్నియా రాష్ట్రం ఏబీ 630 అనే చట్టం చేయడమే అందుకు కారణం. ఆ వార్తలు చదివిన చాలామందికి ఒక సందేహం కలిగింది. పాత కారును తుక్కు కొట్టుకు ఇస్తే ఎంతో కొంత డబ్బు చేతికి వస్తుంది కదా, కారుకన్నా మూడింతలు బరువున్న మోటార్‌హోమ్‌ను ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాల్సిన పరిస్థితి ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు కొంత ఆ బండి నిర్మాణంలో, కొంత ఎడారి వాతావరణంలో, కొంత రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంది.

వాహనమా, ఇల్లా?

సినిమా షూటింగుల దగ్గర నటీనటుల కోసం నిలిపే కారవాన్‌ను చూసినవారికి మోటార్‌హోమ్ అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. పడక, వంటగట్టు, మరుగుదొడ్డి, ఫ్రిజ్, ఏసీ, నీటి ట్యాంకులు అమర్చి, సొంత ఇంజన్‌తో నడిచే ఇల్లే మోటార్‌హోమ్. బస్సు ఆకారంలో ఉండే పెద్దవాటిని క్లాస్ ఎ అనీ, వ్యాను లోపలే ఇల్లు అమర్చినవాటిని క్లాస్ బి అనీ, ట్రక్కు చట్రం మీద గది కట్టి డ్రైవరు నెత్తిమీదుగా అటక వచ్చేలా చేసినవాటిని క్లాస్ సి అనీ పిలుస్తారు. సొంత ఇంజన్ లేకుండా మరో బండి వెనుక లాక్కెళ్ళేది ట్రైలర్. పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చోబెట్టేది ట్రక్ క్యాంపర్. వీటన్నిటికీ కలిపి అమెరికాలో ఆర్‌వీ అనే మాట వాడతారు.

తుక్కు వ్యాపారి కారును చూసినప్పుడు అతనికి కనిపించేది ప్రధానంగా ఇనుము. మోటార్‌హోమ్‌లో ఇనుమంతా కింద ఉండే చట్రంలోనూ ఇంజన్‌లోనూ ఉంటుంది. పైన కనిపించే ఇల్లు మాత్రం సన్నని చెక్క కమ్ములు, ప్లైవుడ్, థర్మకోల్ లాంటి నురుగు పలకలు, ఫైబర్‌గ్లాస్, రబ్బరు పైకప్పు, వినైల్ నేల, తివాచీ కలిసిన సరుకు. వీటిని జిగురుతో ఒకదానికొకటి అంటించి గోడలు చేస్తారు కాబట్టి వేరుచేయడానికి పట్టే కూలి, వేరుచేశాక వచ్చే సరుకు విలువను మించిపోతుంది. కార్లను నలిపి ముక్కలు చేసే యంత్రంలో దీన్ని యథాతథంగా వేస్తే ఇనుముతో పాటు గుట్టలకొద్దీ చెత్త బయటికి వస్తుంది. ఆ చెత్తను పారవేయడానికి యార్డే రుసుము చెల్లించుకోవాలి. అందువల్ల చాలా తుక్కు యార్డులు మోటార్‌హోమ్ అనగానే వద్దంటాయి, లేదా పై భాగాన్ని పూర్తిగా విప్పి చట్రం మాత్రమే తెమ్మంటాయి.

మామూలు చెత్త తీసుకునే ల్యాండ్‌ఫిల్‌కు ఇబ్బంది మరో వైపు నుంచి వస్తుంది. అక్కడివారికి చెక్క, నురుగు సమస్య కాదు గానీ ఇంజన్ ఆయిల్, పెట్రోలు, సీసపు బ్యాటరీలు, ప్రొపేన్ సిలిండర్లు, మరుగు ట్యాంకులో మిగిలిన మలినం సమస్య. ఏసీలో ఉండే శీతలీకరణ వాయువును గాలిలోకి వదలడాన్ని అమెరికా స్వచ్ఛ వాయు చట్టం నిషేధించింది. ఫ్రిజ్ విషయం మరీ విచిత్రం. చాలా ఆర్‌వీలలో ఉండేది కంప్రెసర్‌తో నడిచే ఇంటి ఫ్రిజ్ కాదు, ప్రొపేన్ మంటతో పనిచేసే అబ్సార్ప్షన్ ఫ్రిజ్. దాని గొట్టాల్లో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌తో పాటు లోపలి తుప్పును ఆపడానికి కలిపిన సోడియం క్రోమేట్ ఉంటుంది. పాత ఫ్రిజ్ వెనుక పసుపు రంగు పొడి కనిపిస్తే లీకు అయినట్టే. ఆ పసుపు విషపూరితమైన క్రోమియం సమ్మేళనం.

ఒకే వస్తువు తుక్కు యార్డుకు ఇల్లుగా, ల్యాండ్‌ఫిల్‌కు వాహనంగా కనిపించడంలోనే మొదటి చిక్కు ఉంది. ఇద్దరూ తమది కాదనే అంటారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఎండ దేన్ని తింటుంది, దేన్ని మిగులుస్తుంది

ఎడారిలో పాత బళ్ళు బాగా నిలుస్తాయని అమెరికాలో ఒక నమ్మకం ఉంది, అందులో సగం నిజం. గాలిలో తేమ తక్కువ, రోడ్ల మీద మంచు కరిగించే ఉప్పు చల్లరు, కాబట్టి ఇనుము తుప్పు పట్టదు. ముప్పై ఏళ్ళ చట్రం కూడా గట్టిగా నిలబడే ఉంటుంది. అయితే మోటార్‌హోమ్‌లో విలువంతా ఇనుముకు కాక రబ్బరు, ప్లాస్టిక్, జిగురు, సీలింగ్ పట్టీలు చెక్కుచెదరకుండా ఉండటానికే దక్కుతుంది. ఎడారి ఎండ సరిగ్గా వాటినే తింటుంది. 2023 వేసవిలో ఫీనిక్స్ నగరంలో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు, లేదా అంతకు మించి నమోదైంది. ఆ ఎండలో మూసి ఉంచిన బండి లోపలి వేడి ఇంకెంతో ఊహించుకోవచ్చు. గోడల్లోని జిగురు సడలి ఫైబర్‌గ్లాస్ పొర పొక్కులుగా లేస్తుంది. పైకప్పు అతుకుల్లో పూసిన సీలెంట్ ఎండిన మట్టిలా బీటలు వారుతుంది.

ఆ బీటల్లోంచి వాన దిగుతుంది. ఎడారిలో వానేమిటి అనిపించవచ్చు, కానీ అరిజోనాలో జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక రుతుపవన కాలం ఉంటుంది, అక్కడివారు కూడా దాన్ని మాన్‌సూన్ అనే పిలుస్తారు. మిగతా నెలల ఎండకు విచ్చుకున్న అతుకుల్లో ఆ మూడున్నర నెలల గాలివానలు చాలు, లోపలి చెక్క కుళ్ళడానికి. బయటినుంచి చూస్తే బండి ఫొటోలో బాగానే ఉంటుంది, లోపల నేల మీద అడుగు వేస్తే దిగబడుతుంది.

టైర్ల సంగతీ అంతే. టైరు పక్కన అచ్చు వేసిన సంకేతంలో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2214 అని ఉంటే 2014వ సంవత్సరం 22వ వారం. పై గాడులు కొత్తగా కనిపిస్తున్నా, పదేళ్ళు ఎండలో నిలబడ్డ టైరు రోడ్డెక్కిన గంటలో పేలిపోవచ్చు. కాబట్టి ఇంజన్ మోగినంత మాత్రాన బండి కదిలినట్టు కాదు. వెనుక జంట చక్రాలున్న క్లాస్ సి బండికి ఆరు టైర్లు కొనడమంటే, ఆ బండి అమ్మకపు ధరను దాటే ఖర్చు కావచ్చు.

ఖాళీగా ఉన్న బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. అమెరికా నైరుతిలో దీన్ని పరిశుభ్రత సమస్యగానే చూసి ఊరుకోరు. 1993లో అరిజోనా, న్యూమెక్సికో, కొలరాడో, యూటా కలిసే చోట ప్రబలి ప్రాణాలు తీసిన హాంటావైరస్, డీర్ మౌస్ అనే ఎలుక మలమూత్రాల ద్వారా వ్యాపిస్తుందని తేలింది. ఎండిన ఆ రెట్టలు దుమ్ముగా లేచి ఊపిరితో లోపలికి పోవడమే ప్రమాదం. ఏళ్ళుగా మూసి ఉన్న ట్రైలర్‌ను విప్పే పనివారు కూలి ఎక్కువ అడగడానికి ఇదీ ఒక కారణమే.

తుక్కు లెక్క ఎప్పుడూ ఎందుకు కుదరదు

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులోని ధరలు వివరణ కోసం ఊహించుకున్నవే. అసలు ధరలు ఊరును బట్టి, నెలను బట్టి మారతాయి. కానీ లెక్క నడిచే తీరు మారదు.

క్వార్ట్‌సైట్ దగ్గర నిలిచిపోయిన ఒక క్లాస్ సి బండి బరువు 5 టన్నులు అనుకుందాం. ఇక్కడ టన్ను అంటే అమెరికా వారి 2,000 పౌండ్ల టన్ను. అందులో అమ్ముడుపోయే లోహం 2.75 టన్నులు, మిగిలిన చెత్త 2.25 టన్నులు. టన్ను తుక్కుకు 150 డాలర్లు వస్తే లోహం మీద రాబడి 412 డాలర్లు. చెత్తకు ల్యాండ్‌ఫిల్ టన్నుకు 60 డాలర్లు తీసుకుంటే 135 డాలర్లు. ఇద్దరు పనివారు రెండేసి రోజులు విప్పితే 32 గంటలు, గంటకు 25 డాలర్ల చొప్పున 800. ఇక లాక్కెళ్ళే ఖర్చు. ఈ బరువుకు మామూలు టో ట్రక్కు సరిపోదు, బస్సుల్నీ లారీల్నీ లాగే పెద్ద బండి రావాలి. బండిని తగిలించుకోవడానికి 300 డాలర్లు, ఆపైన మైలుకు 6 డాలర్లు అనుకుంటే, సుమారు 125 మైళ్ళ దూరంలోని ఫీనిక్స్‌దాకా 1,050 డాలర్లు. మొత్తం ఖర్చు 1,985, రాబడి 412. యజమాని జేబులోంచి పోయేది 1,573 డాలర్లు.

ఇదే బండి ఫీనిక్స్ శివార్లలోనే, యార్డుకు 15 మైళ్ళలో ఉందనుకుందాం. లాగే ఖర్చు 390కి తగ్గుతుంది, నష్టం 913 డాలర్లు అవుతుంది. రెండు లెక్కలకూ తేడా అయిన 660 డాలర్లు కేవలం ఎడారి దూరానికి కట్టిన సుంకం.

ఇనుము ధర పెరిగితే నష్టం తీరిపోతుందని ఆశపడేవారున్నారు. మొదటి లెక్కలో లాభనష్టాలు సమానం కావాలంటే టన్ను తుక్కు ధర 722 డాలర్లు పలకాలి, అంటే మనం అనుకున్న ధరకు దాదాపు అయిదింతలు. కారుకు కుదిరే లెక్క దీనికి కుదరకపోవడానికి కారణం ధర కాదు, బరువులో లోహం పాలు తక్కువ కావడమూ, విప్పే కూలి ఎక్కువ కావడమూను. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత ఈ ఏనుగుకు వర్తించదు.

లెక్కను కొంత మార్చగలిగేవి విడిభాగాలు. నడిచే ఓనన్ కంపెనీ జనరేటర్, చల్లగాలి ఇచ్చే పైకప్పు ఏసీ, మంచి ఫ్రిజ్, పొయ్యి, పగలని కిటికీలు, ఇంజన్ పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వంటివాటికి కొనేవారు ఉంటారు. కన్వర్టర్‌లో ప్లాటినం, పలేడియం, రోడియం లాంటి విలువైన లోహాలు ఉండటం వల్లనే దొంగలు కూడా ముందు దాన్నే కోసుకుపోతారు. విడిభాగాల మీద ఏడెనిమిది వందల డాలర్లు వస్తే, నగరంలోని బండి లెక్క దాదాపు సున్నాకు చేరుతుంది. ఎడారిలోని బండికి ఆ అదృష్టం తక్కువ. చూసేవారు లేని చోట ఆ భాగాలు అప్పటికే మాయమై ఉంటాయి.

కాగితం మీద చివరి పేరు

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట ఈ మార్కెట్టుకు అతికినట్టు సరిపోతుంది. మహమ్మారి రోజుల్లో జనం విమానాలకు, హోటళ్ళకు దూరమై ఆర్‌వీల మీద పడ్డారు. 2021లో పరిశ్రమ నుంచి ఆరు లక్షలకు పైగా బళ్ళు బయటికి వచ్చాయి, అది రికార్డు. దానికి తోడు, చాలా ఆర్‌వీ పార్కుల్లో పదేళ్ళ నిబంధన ఉంది. పదేళ్ళు దాటిన బండిని లోపలికి రానివ్వరు, లేదా ఫొటోలు చూసి ఒప్పుకుంటే రానిస్తారు. గృహ సముదాయాల సంఘాలు ఇంటి ముందు ఆర్‌వీ నిలపడాన్ని సాధారణంగా ఒప్పుకోవు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్ వంటి ఊళ్ళలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, వారికి ఈ సంఘాల ఉత్తరాలు పరిచితమే. ఇలా నిలపడానికి చోటు లేని వస్తువు అయినందువల్ల, పాత బండి ధర మెల్లగా తగ్గుతూ రాదు. ఒక వయసు దాటగానే మెట్టు దిగినట్టు పడిపోతుంది.

అప్పుడు చాలామందికి తోచే మార్గం ఊరికే ఇచ్చేయడం. ఒక్క డాలరుకు, లేదా ఉచితంగా, ఎవరో ఒకరికి. అక్కడే రెండో చిక్కు మొదలవుతుంది.

అమెరికాలో వాహనానికి టైటిల్ అనే యాజమాన్య పత్రం ఉంటుంది, రిజిస్ట్రేషన్ దానికి వేరు. అమ్మినవారు టైటిల్ మీద సంతకం పెట్టి ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ రికార్డులో పేరు మారదు. కొన్నవారు దాన్ని రవాణా శాఖకు తీసుకెళ్ళి తమ పేర మార్పించుకోవాలి. ఒక విశ్రాంత ఉద్యోగి 1995 నాటి ట్రైలర్‌ను ఒక అపరిచితుడికి డాలరుకు ఇచ్చాడనుకుందాం. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు, మూడు నెలలు అందులో ఉండి, ఇరుసు విరిగాక ఎడారిలో వదిలేసి వెళ్ళిపోయాడు. దాన్ని తొలగించిన అధికారులు రికార్డు చూస్తే కనిపించేది విశ్రాంత ఉద్యోగి పేరే. అరిజోనాలో వదిలేసిన వాహనానికి 500 డాలర్ల రుసుము ఉంది, అది పడేది రికార్డులో ఉన్న యజమాని మీద. డాలరు వచ్చిన చేతికి అయిదు వందల బిల్లు వచ్చినట్టు.

దీనికి విరుగుడుగానే అమ్మకపు సమాచారం ఇచ్చే పద్ధతి ఉంది. అరిజోనాలో అమ్మినవారు పది రోజుల్లోపు, కాలిఫోర్నియాలో అయిదు రోజుల్లోపు, బండి తమ చేతిలోంచి పోయిందని రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం. ఈ సమాచారం టైటిల్‌ను మార్చదు, బాధ్యత ఏ తేదీ నుంచి తమది కాదో నమోదు చేస్తుందంతే. నంబరు ప్లేటు విషయంలో రెండు రాష్ట్రాల వాడుకా వేరు. అరిజోనాలో, నెవాడాలో ప్లేటు మనిషితో ఉంటుంది, అమ్మేటప్పుడు విప్పుకుంటారు. కాలిఫోర్నియాలో మామూలు ప్లేటు బండితోనే పోతుంది. ఈ రాష్ట్రాలకు సరిహద్దైన కొలరాడో నదికి అటూ ఇటూ ఒకే రోజులో బళ్ళు చేతులు మారే ఈ ప్రాంతంలో, ఒకచోటి అలవాటు మరోచోట తప్పు అవుతుంది.

కాగితమే లేని బండి కథ ఇంకా కష్టం. తుక్కు యార్డులు, విప్పే లైసెన్సు ఉన్న సంస్థలు టైటిల్ లేకుండా తీసుకోవడానికి వెనుకాడతాయి, ఎందుకంటే దొంగ బండి కావచ్చు, దాని మీద అప్పు ఉండవచ్చు. స్నోబర్డ్స్ విషయంలో తరచు జరిగేది యజమాని మరణం. వారసులు మిన్నెసోటాలోనో కెనడాలోని మానిటోబాలోనో ఉంటారు, బండి అరిజోనా ఎడారిలో ఉంటుంది, టైటిల్ ఏ సొరుగులో ఉందో తెలియదు. అరిజోనాలో ఇందుకు రెండు సౌకర్యాలు ఉన్నాయి. బతికుండగానే టైటిల్‌కు లబ్ధిదారు పేరు జతచేసుకునే వీలు ఒకటి. చిన్న ఆస్తుల విషయంలో ప్రోబేట్ అనే కోర్టు వారసత్వ ప్రక్రియ లేకుండా ప్రమాణపత్రంతో వారసులు టైటిల్ పొందే వీలు రెండోది. అయితే విలువలేని వస్తువు కోసం ఈ కాగితాలు నింపే ఓపిక ఎందరికి ఉంటుంది? ఉత్తరం వస్తే జవాబివ్వకుండా ఊరుకునేవారే ఎక్కువన్నది నా అంచనా.

దానం కూడా ఒక మార్గమే గానీ, పన్ను మినహాయింపు గురించి భ్రమలు ఎక్కువ. 500 డాలర్లకు మించి మినహాయింపు కోరే వాహన దానాల్లో, ఆ ధార్మిక సంస్థ బండిని అమ్మేస్తే, సాధారణంగా అమ్మగా వచ్చిన మొత్తం వరకే మినహాయింపు దొరుకుతుంది. ధరల పుస్తకం 6,000 డాలర్లు చెప్పినా వేలంలో 900 పలికితే లెక్కకు వచ్చేది 900. పైగా దానాలను విడిగా చూపకుండా ప్రామాణిక మినహాయింపు తీసుకునే అధికసంఖ్యాకులకు దానివల్ల ఒక్క డాలరు కూడా మిగలదు. నడవని బండిని సంస్థలు అసలు ముట్టుకోకపోవడమూ మామూలే.

ఎవరిదీ కాని నేల

అమెరికా పడమటి ఎడారుల్లో చాలా భాగం కేంద్ర ప్రభుత్వ భూమి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, క్లుప్తంగా బీఎల్‌ఎం, దాన్ని చూసుకుంటుంది. ఆ భూమిలో సాధారణంగా ఒక చోట 14 రోజులు ఉచితంగా మకాం వేయవచ్చు. క్వార్ట్‌సైట్ పక్కన లా పోసా లాంటి దీర్ఘకాల విడిది ప్రాంతాల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు అనుమతి రుసుము కట్టి ఉండవచ్చు. 1983లో మొదలైన ఈ ఏర్పాటు పింఛను మీద బతికేవారికి పెద్ద ఆసరా. అదే సమయంలో, సొంత వస్తువులను పది రోజులకు మించి మనిషి లేకుండా వదిలి వెళ్ళడాన్ని బీఎల్‌ఎం నిబంధనలు నిషేధిస్తాయి. నిబంధన ఉంది, కానీ మైళ్ళ తరబడి నేలకు కాపలా కాసేవారు కొద్దిమంది.

కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ కౌంటీలో స్లాబ్ సిటీ మరో కోణం చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ క్యాంప్ డన్‌లాప్ అనే మెరైన్ శిక్షణ కేంద్రం ఉండేది. కట్టడాలు తీసేశాక కాంక్రీటు అరుగులు మిగిలాయి, ఊరి పేరు వాటినుంచే వచ్చింది. కరెంటు, కుళాయి, చెత్తబండి లేని ఆ చోట నడవని ఆర్‌వీలే గోడలు, కంచెలు, వంటిళ్ళు అయ్యాయి. బయటివారికి తుక్కుగా కనిపించేది అక్కడ కొందరికి తలదాచుకునే చోటు. బండి చచ్చిందా బతికిందా అన్నది ఇంజన్‌ను బట్టి చెప్పలేమన్న సంగతి స్లాబ్ సిటీలో నడిస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రకృతి కోణం కూడా ఉంది. తేమగల నేలలో చెక్క పదేళ్ళలో మట్టి అవుతుంది. ఎడారిలో కుళ్ళడమూ నెమ్మదే, కానీ ఎండకు పొడిపొడిగా రాలిన నురుగు, ఫైబర్‌గ్లాస్ ముక్కలు గాలికి మైళ్ళు పోతాయి. చెత్త చుట్టూ కాకిజాతి రేవన్ పక్షులు పెరుగుతాయి, అవి తాబేలు పిల్లలను పొడిచి తింటాయి. మొహావీ ఎడారి తాబేలును 1990లోనే కేంద్ర ప్రభుత్వం ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. వదిలేసిన బండికి ఎవరైనా నిప్పు పెడితే మరీ నష్టం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కాబట్టి అమ్ముకోదగిన లోహం కాస్తా ఇసుకలో గడ్డకట్టి, మిగిలిన బూడిద విషపు మట్టి అవుతుంది.

బిల్లు ఎవరికి వెళ్ళాలి?

ఇక వివాదం సంగతి. కాలిఫోర్నియా పాత నిబంధన ప్రకారం, వదిలేసిన నడవని వాహనం విలువ 500 డాలర్లకు మించకపోతే దాన్ని వేలం వేయకుండా తుక్కు చేయవచ్చు. మోటార్‌హోమ్ ఎంత పాడైనా అంచనాదారు అయిదు వందలకు పైనే రాస్తాడు, అప్పుడది వేలానికి వెళుతుంది, ఎవరో చవకగా కొని మళ్ళీ వీధిలోనే నిలుపుతారు. ఏబీ 630 ఆ రెండు కౌంటీల్లో హద్దును 4,000 డాలర్లకు పెంచింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ అంటే సముద్రతీరమే అనుకోకూడదు, మొహావీ ఎడారి అంచున ఉన్న లాంకాస్టర్, పామ్‌డేల్ కూడా అందులోనివే.

సమర్థించేవారి వాదన ఏమిటంటే, వేలంపాట ఒక చక్రంలా తిరుగుతోంది, చక్రం ఆగాలంటే బండి నలగాలి. వ్యతిరేకించేవారి వాదన, నాలుగు వేల డాలర్ల బండి చాలా సందర్భాల్లో ఎవరికో మిగిలిన ఆఖరి ఇల్లు, దాన్ని నలిపితే మనిషి ఫుట్‌పాత్ మీదికి వస్తాడు. కోర్టులు ఈ రెండో వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేదు. మనిషి నివసిస్తున్న ట్రక్కును ఇంటితో సమానంగా చట్టం రక్షిస్తుందని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో తీర్పునిచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టున్న ఈ స్థితిలో, నిజంగా ఖాళీగా వదిలేసిన బండినీ మనిషి ఉంటున్న బండినీ వేరుచేసి చూడకుండా రాసే ఏ చట్టమైనా ఒక వైపు అన్యాయం చేస్తుందనే అనిపిస్తుంది.

తయారీదారే బాధ్యత వహించాలన్న ఆలోచన వేరే దేశాల్లో ఉంది. ఐరోపా యూనియన్ 2000లో చేసిన నిబంధన కార్ల బరువులో 95 శాతాన్ని ఏదో రూపంలో తిరిగి వినియోగంలోకి తేవాలన్నది, కానీ మోటార్ కారవాన్ల వంటి ప్రత్యేక వాహనాలను ఆ శాతాల లెక్కనుంచి తప్పించింది. మన దేశంలో 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కాలం చెల్లిన వాహనాల నియమాలు తయారీదారు బాధ్యతను ఉక్కు పరిమాణంలో కొలుస్తున్నాయి. మామూలు కారుకు, లారీకి అది సరైన కొలతే. కారవాన్‌లో మాత్రం ఉక్కుకు ఎప్పుడూ కొనేవాడు ఉంటాడు, మిగిలేది చెక్కా నురుగూ.

అమెరికాలో ఒక రాష్ట్రం మధ్యేమార్గం పట్టింది. వాషింగ్టన్ 2018లో ప్రతి ఆర్‌వీ రిజిస్ట్రేషన్ మీద 6 డాలర్ల రుసుము చేర్చి, వదిలేసిన బళ్ళను తొలగించి విప్పడానికి ఒక నిధి పెట్టింది. పైన వేసిన ఊహాలెక్కలోని 1,573 డాలర్ల నష్టాన్ని ఈ పద్ధతిలో పూడ్చాలంటే సుమారు 262 బళ్ళ రుసుము కావాలి. అంటే సుమారు ప్రతి 262 బళ్ళకు ఏటా ఒక్కటి మాత్రమే వదిలివేతకు గురైతే నిధి సరిపోతుంది. తమ బండిని జాగ్రత్తగా చూసుకునేవారు పక్కవాడి తప్పుకు కట్టడమేమిటని కొందరి అభ్యంతరం. ఏడాదికి ఆరు డాలర్లు ఒక కాఫీ ఖరీదే కదా అని మరికొందరి జవాబు.

ఈ పద్ధతిని అరిజోనాకు తెస్తే ఒక చిక్కు మిగులుతుంది. క్వార్ట్‌సైట్ చుట్టూ చలికాలంలో నిలిచే బళ్ళలో చాలావాటికి అరిజోనా ప్లేటు ఉండదు. మిన్నెసోటావి, ఒరెగాన్‌వి, అల్బెర్టావి ఉంటాయి. సొంత ఇల్లు అమ్ముకుని బండిలోనే ఏడాదంతా తిరిగేవారిలో చాలామంది, ఉత్తరాలు అందుకునే చిరునామా ఒకటి తీసుకుని దక్షిణ డకోటాలో రిజిస్టర్ చేసుకుంటారు. రుసుము వసూలయ్యే రాష్ట్రం ఒకటి, బండి ఆగిపోయే రాష్ట్రం మరొకటి.